చామంతికి చీకటి కావాలి

హైదరాబాద్ కార్వాన్‌లో పప్పుల బసవయ్య ఇంట్లో ముట్టు అనే మాట మగవాళ్ల చెవిన పడకూడదు. పడకూడదంటే పడకూడదు, అంతే. ఆడవాళ్లు ఆ మూడు రోజులూ మిద్దె మీది మూలగదిలో కూర్చునేవారు. మగవాళ్లు అదేమీ తెలియనట్టు తల వంచుకుని అన్నం తినేవారు. ఎవరైనా అడిగితే "దూరం ఉన్నది" అని చెప్పేవారు. ఎంత దూరమో, దేనికి దూరమో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అలాంటి ఇంట్లో, డెబ్భై నాలుగో సంవత్సరం వినాయక చవితి వెళ్లిన కొద్ది రోజులకు, బసవయ్య కూతురు విజయలక్ష్మి నట్టింట్లో తండ్రి ఎదుట నిలబడి ఆ మాటను పేరు పెట్టి పలికింది.

ఎందుకు పలికిందో తెలియాలంటే చామంతి కుండీల దగ్గర మొదలుపెట్టాలి.

విజయ యూనివర్సిటీలో వృక్షశాస్త్రం పరిశోధన చేస్తోంది. కార్వాన్ దుకాణదారుల ఇళ్లలో ఆడపిల్ల పదో తరగతి దాటితే అదే గొప్ప. ఆపైన చదివితే "ఏం, కలెక్టరైతదా?" అని మీసాల్లో నవ్వుకునేవారు. చెట్ల మీద పరిశోధన అంటే ఇంకా నవ్వొచ్చేది వాళ్లకు. చెట్టుకు నీళ్లు పోస్తే పెరుగుతుంది, పోయకపోతే ఎండుతుంది, ఇందులో పరిశోధించేదేముందని దుకాణం అరుగు మీద కూర్చుని తేల్చేసేవారు.

ఆమె పట్టుకున్న ప్రశ్న వినడానికి చిన్నదే. పూసే కాలం వచ్చిందని చామంతికి ఎవరు చెబుతారు? దానికి పంచాంగం లేదు, కళ్లు లేవు. అయినా రాత్రులు పొడుగవుతున్నాయని దానికి తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం నుంచి ఆకులు వేసే పని మాని మొగ్గ తొడిగే పనిలో పడుతుంది. రాత్రి పొడుగును కొలిచేది ఆకు. కొలిచి, కొమ్మ కొసకు కబురు పెడుతుంది. ముదురాకు పెడుతుందా, లేతాకు పెడుతుందా అన్నది విజయ తేల్చాలనుకున్న సంగతి. దానికోసం పొద్దుండగానే కొన్ని కొమ్మలకు నల్లగుడ్డ కప్పి, తెల్లారాక తీయాలి. ఆ వేళల్లో యూనివర్సిటీలో ఆడపిల్ల ఉండే రోజులు కావవి. "మీ మిద్దె మీదనే పెంచుకోమ్మా" అన్నాడు ఆమెకు దారి చూపే రామ్‌చందర్ సారు. అలా గుడిమల్కాపూర్ తోటల్లోంచి చామంతి పిలకలు రిక్షాలో కార్వాన్ మిద్దె ఎక్కాయి.

తెచ్చిన పిలకల్లో సగం పెద్దమ్మ నాగమణమ్మ అడిగి తీసుకుంది. ఏటా తులసికోట చుట్టూ చామంతి కుండీలు పెట్టి, కార్తీకంలో తులసమ్మ పెండ్లికి ఆ పూలే వాడటం ఆమె అలవాటు. విజయ తల్లి పురిట్లోనే పోతే, ఉగ్గు పెట్టిన దగ్గర్నుంచి జడ వేసి బడికి పంపిన దాకా అన్నీ ఆమే చేసింది. పిల్లలు లేని మనిషి. ప్రేమకు లోటు చేయలేదు, మడికీ లోటు చేయలేదు. రెండూ ఆమె చేతిలో ఒకే గరిటెతో వడ్డించినట్టు వచ్చేవి. మిద్దెను అడ్డంగా కోస్తూ సున్నంతో ఒక గీత గీయించింది. గీతకు ఇవతల తులసికోట, పెద్దమ్మ కుండీలు. అవతల మూలగది, దాని ముందు విజయ కుండీలు.

కిందటి కార్తీకం పోయాక పెదనాన్న వైకుంఠం దుకాణంలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖాన నుంచి ప్రాణాలతో వచ్చాడు గాని మంచం దిగలేదు. పెనిమిటి తిరిగి దుకాణం మెట్లెక్కేదాకా తులసమ్మ ముందు దీపం కొండెక్కనివ్వనని నాగమణమ్మ మొక్కుకుంది. మిద్దె మీద గాలికి నూనె దీపం నిలుస్తుందా? ఆరినప్పుడల్లా ఆమె గుండెలో రాయి పడేది. చివరికి బసవయ్య కరెంటు పనివాణ్ణి పిలిపించి, కోట నెత్తిన ఒక పెద్ద బల్బు వేలాడదీయించాడు. అప్పటినుంచి అది సంజె నుంచి తెల్లారే దాకా వెలుగుతూనే ఉంది. వీధి చివరి వాళ్లకు కూడా పప్పుల వారి భక్తి కనబడేది. మూలగది గోడ అడ్డం కాబట్టి ఆ వెలుగు విజయ కుండీల మీదికి మాత్రం వచ్చేది కాదు.

చవితి వెళ్లేసరికి విజయ కుండీల్లో బియ్యపు గింజలంత మొగ్గలు కనిపించాయి. తులసికోట చుట్టూ ఉన్నవి మాత్రం ఏపుగా, నవనవలాడుతూ, గొడ్డు ఆకులతో నిలబడి ఉన్నాయి. ఒక్క మొగ్గ లేదు.

నాగమణమ్మ చాలాసేపు ఆ కుండీల చుట్టూ తిరిగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నువ్వు దూరం ఉన్నప్పుడు నా కుండీలు ముట్టినవా, బిడ్డా?"

లేదంటే పోయేది. ఎవరు చూడొచ్చారు? కాని విజయకు అబద్ధం అంత తేలిగ్గా వచ్చేది కాదు.

"ముట్టిన పెద్దమ్మా. నువ్వు పెదనాన్నను దవాఖానకు తీస్కపోయినవు. ఎండకు సోలిపోతున్నయి. గీత దాటి నీళ్లు పోసిన."

నాగమణమ్మ మొహంలో రక్తం లేదు. "అనుకున్న. మైల తగిలి గొడ్డువోయినయి."

"మైల గాదు. గా బల్బు. రాత్రంత వెలుగు పడుతుంటే వాటికి రాత్రి అయితున్నట్టే తెలుస్తలేదు. చామంతికి చీకటి కావాలె. బల్బు తీసేయి, అవే పూస్తయి."

అనకూడని మాట అన్నానని విజయకు అన్నాకనే తెలిసింది. ఆ బల్బు పెద్దమ్మకు బల్బు కాదు, మొగుడి ఊపిరి. నాగమణమ్మ దిగిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు.

ఇంట్లో పెద్దదిక్కు పస్తుంటే బసవయ్యకు ముద్ద దిగుతుందా? మూడో పూట కూతురిని పిలిచాడు. నాగమణమ్మ వంటింటి గడప పట్టుకుని నిలబడింది.

"ఏందే ఈ లొల్లి? పెద్దమ్మ మీదికి లేస్తున్నవట. చదువు నెత్తికెక్కింది. రేపటికెళ్లి యూనివర్సిటీ బంద్. కుండీలు తీసి ఎవలకన్న ఇయ్యి."

రెండేళ్ల పని, సారుకు ఇచ్చిన మాట, ముదురాకు లేతాకు సంగతి, అంతా ఆ ఒక్క బంద్‌తో బుగ్గి. విజయ నేరుగా తండ్రి మొహంలోకి చూసింది.

"బాపూ, నువ్వు పప్పు బస్తా కొనేటప్పుడు లోపలికి పొడిచి గింజలు తీసి చూస్తవా, లేకుంటే అమ్మినోని మాట మీద కొంటవా?"

"దానికి దీనికి ఏం సంబంధం?"

"నేను ముట్టయినప్పుడు ముట్టుకుంటే చెట్టు పూయదంటున్నది పెద్దమ్మ. నేను ముట్టయినప్పుడే ముట్టుకుంట. పూస్తదో పూయదో పొడిచి చూద్దాం."

ఆ మాటకు ఇంట్లో గోడలు కూడా చెవులు మూసుకున్నాయి. బసవయ్య చూపు నేలలోకి దిగిపోయింది. పక్క గదిలో మంచం మీద వైకుంఠం దగ్గాడు. అది నిజమైన దగ్గో, మర్యాద దగ్గో తెలియదు.

విజయ ఆగలేదు, ఆగితే మళ్లీ నోరు పెగలదని ఆమెకు తెలుసు. పెద్దమ్మ కుండీల్లో సగం మూలగది ముందుకు, చీకట్లోకి తెస్తుంది. దూరం ఉన్న రోజుల్లో తన చేత్తోనే నీళ్లు పోస్తుంది, ఆకు ఆకునూ ముడుతుంది. మిగతా సగం తులసమ్మ దగ్గరే, బల్బు కిందే ఉంటాయి. వాటిని మడి కట్టుకుని పెద్దమ్మ తప్ప ఎవరూ తాకరు. బల్బు జోలికి తాను పోదు. తులసమ్మ పెండ్లి దాకా గడువు.

"నావి పూయకుంటే నేనే చదువు బంద్ వెట్టి వంటింట్ల కూసుంట. పూస్తే నన్ను చదువనియ్యాలె."

బసవయ్యకు కోపంకన్నా ఇబ్బందే ఎక్కువగా ఉంది. ఆ మాటల్లోంచి ఎలాగైనా బయటపడితే చాలనుకున్నాడు. "సరే పో. జబాన్ ఇస్తున్న. పూస్తే చదువుకో," అని మాట ఇచ్చాడు. వదిన వైపు తిరిగాడు. నాగమణమ్మ తల ఊపింది. తులసమ్మ మీద ఆమె నమ్మకం అంత గట్టిది. ఆ రాత్రి అన్నం తింది.

గెలుస్తానని విజయకు తెలుసు. పుస్తకాల్లో ఉంది, కళ్లతో చూసింది. అయినా తెలియడం వేరు, చదువంతా తీసుకెళ్లి ఒక చామంతి కొమ్మ చివర కట్టడం వేరు. తెచ్చిపెట్టిన కుండీలు చాలా రోజులు ఉలకలేదు పలకలేదు. పైపెచ్చు పేనుబంక పట్టింది. లేత కొసలన్నీ నల్లగా ముడుచుకుపోయాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు. గీతకు ఇవతల మడిచీరలో నిలబడి నాగమణమ్మ చూసింది.

"నేనేం అంటలే. చెట్టే అంటున్నది," అంది.

విజయ పొగాకు నానబెట్టిన నీళ్లతో ఆకులను అడుగు వైపు నుంచి కడిగింది. దూరం ఉన్న రోజుల్లో మరింత కావాలని కడిగింది. పెద్దమ్మ మిద్దె ఎక్కడం కనబడితే లేచి వెళ్లి, చూస్తుండగా, ఒక్కొక్క కొమ్మను బుగ్గకు ఆనించుకునేది. అది పరిశోధన కాదు, ఉత్త మొండితనం. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ మూలగదిలో చాప మీద, విడి కంచంతో, విడి చెంబుతో, ఏ తప్పు చేసిందో తెలియకుండా కూర్చున్న రోజులన్నీ ఆమె చేతుల్లోకి వచ్చినట్టు ఉండేది.

బతుకమ్మ పండుగ వెళ్లింది. మూలగది ముందు కొసలు మందమయ్యాయి. ఆపైన గింజలంత మొగ్గలు, ఆపైన గుండీలంత. దీపావళి దాటి కార్తీకం వచ్చేసరికి పసుపు రంగు పగిలింది. ఒక ఆదివారం పొద్దున బసవయ్య మిద్దె ఎక్కాడు. గీతకు అటు చూశాడు, ఇటు చూశాడు. మూలగది ముందు పూలు తిరునాళ్లలా ఉన్నాయి. తులసికోట చుట్టూ నడుమెత్తు ఆకులు, ఒక్క పువ్వు లేదు.

"గెలిచినవ్ పో," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కాని ముట్టు గిట్టు ముచ్చట నాలుగు గోడలు దాటొద్దు. బల్బు తోని పూయలేదని చెప్పుకుందాం. దాటిందంటే మాత్రం నా జబాన్ నాకు యాది ఉండదు."

తులసికోట దగ్గర నాగమణమ్మ అంతా వింది. బల్బు వైపు ఒకసారి చూసి, కింద మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె ఓడిపోతే సంతోషిస్తానని విజయ అనుకుంది. తీరా చూస్తే సంతోషం రాలేదు. చదువు మిగిలింది కదా, చాలు, నోరు మూసుకుందాం అనుకుంది. నిజంగానే అనుకుంది.

తులసమ్మ పెండ్లి నాటికి విజయ మళ్లీ మూలగదిలోనే ఉంది. తెల్లారుజామున కత్తెర చప్పుడుకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే, తడి చీరతో పెద్దమ్మ, గీత దాటి వచ్చి, తన కుండీల్లో పూలు కోస్తోంది. ప్రతి పువ్వు మీదా పసుపు నీళ్లు చల్లి పళ్లెంలో వేసుకుంటోంది. ఆమె చేతులు దొంగ చేతుల్లా తొందరపడుతున్నాయి. ఏడాదికొక్కసారి వచ్చే పెండ్లి, పైగా పెనిమిటి మంచాన ఉన్న ఏడు, తులసమ్మను ఉత్త మెడతో ఎలా నిలబెడుతుంది పాపం. విజయ కిటికీ రెక్క మెల్లగా దగ్గరికి వేసింది.

సాయంత్రం పేరంటాళ్లు మిద్దె నిండారు. ఉసిరికొమ్మ, చెరుకు గడలు, పిండి దీపాలు. తులసమ్మ మెడ నిండా చామంతులు. హారతి అయ్యింది. వెనక ఇంటి విమలాదేవి ఆ పూలను చూసి చేతులు జోడించింది.

"ఏం పూలు, ఏం పూలు! మస్తు పూసినయి నాగమణమ్మా. ఇది నీ మడి చేతి పుణ్యం. ఎవల చేతులు పడితే వాళ్ల చేతులు తగిలితే గిట్ల పూస్తదా?"

నాగమణమ్మ కుంకుమ భరిణె మూత వేసింది, తీసింది. విమలాదేవి అంతటితో ఊరుకుంటే కథ వేరేగా ఉండేది. పక్కన నిలబడ్డ కోడలు వైపు తిరిగింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, ఇంకా చేతుల గోరింట పోలేదు.

"సూడు. సూసి నేర్చుకో. దూరం ఉండి మల్లెచెట్టు పక్కపొంటి పోయి ఎండగొడితివి. ఇంటికి దరిద్రం తెచ్చే చేతులు నీవి."

ఆ పిల్ల తన చేతులను కొంగు కింద దాచుకుంది. అలా దాచుకోవడం విజయ చూసింది.

మూలగది తలుపు తెరుచుకుంది. తల దువ్వుకోకుండా, నలిగిన చీరతో విజయ గీత దగ్గరికి వచ్చి నిలబడింది. పేరంటాళ్లు పట్టుచీరలు కుదించుకుంటూ వెనక్కి జరిగారు.

"అత్తమ్మా, గా పూలు నేను పెంచినయి. ముట్టయిన రోజులల్ల నీళ్లు పోసిన, ముట్టయిన రోజులల్ల ఆకులు కడిగిన. ఇప్పుడు గూడ దూరమే ఉన్న. పెద్దమ్మ మడితోని పెంచినయి ఇగో, ఇవి. చూడుండ్రి, ఒక్క పువ్వు లేదు. చేతులతోని చెట్టు ఎండదు. మల్లెకు నీళ్లు చాలలేదో, వేరు కుళ్లిందో, తవ్వి చూడుండ్రి. ఆ పిల్లను అనకుండ్రి."

ఎవరో పళ్లెంలోంచి తీసి జడలో పెట్టుకున్న చామంతిని చటుక్కున కింద వేశారు. విమలాదేవి నోరు తెరిచి, తులసికోట వైపు వేలు చూపించింది.

"రామ రామ. తీసేయి నాగమణమ్మా. ముందుగాల తులసమ్మ మీదికెళ్లి గా పూలు తీసేయి."

నాగమణమ్మ చేయి దండ మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. దేవుడికి పెట్టిన పువ్వును మర్నాడు పొద్దున నిర్మాల్యం తీసే దాకా కదపకూడదు. కదిపితే దేవుడి మెడలోంచి లాక్కున్నట్టు. ఆ నియమం ఆ వీధిలో అందరికీ నేర్పింది ఆమే. పువ్వు ఉంటే మైల, తీస్తే మహాపాపం. అందరూ ఆమె చేతినే చూస్తున్నారు. పెద్దమ్మను ఇరకాటంలో పెట్టానని విజయకు తెలుస్తోంది. అయినా వెనక్కి ఒక్క అడుగు వేయలేదు.

నాగమణమ్మ చేయి దించింది.

"పెట్టిన పువ్వు తియ్యను. తులసమ్మ వద్దనుకుంటే ఆమెనే రాల్చుకుంటది," అంది. "తాంబూలాలు తీస్కోండ్రి."

కొందరు తీసుకున్నారు, కొందరు తీసుకోకుండానే మెట్లు దిగారు. విమలాదేవి కోడలు పోతూ పోతూ, కింద పడ్డ చామంతిని వంగి తీసి చెవి పక్కన పెట్టుకుంది. అత్తగారు ముందు నడుస్తోంది కాబట్టి చూడలేదు.

వాళ్లు వాకిలి దాటారో లేదో బసవయ్య మెట్లెక్కి వచ్చాడు. మూలగదిలో ఆడది ఉండగా ఆ ఇంట్లో మగవాడు మిద్దె ఎక్కడం అదే మొదటిసారి. మొహం కందగడ్డలా ఉంది.

"నోరు మూసుకోమన్న గద. బజార్ల ఇజ్జత్ తీసినవు. ఇగ నీకు చదువు లేదు, ఏం లేదు."

"బాపూ, జబాన్..."

"నా జబాన్ గురించి నువ్వు చెప్తవా?"

"నేను చెప్త, బసవయ్యా," అంది వెనక నుంచి నాగమణమ్మ. ఆమె గొంతు అరిగిపోయినట్టు ఉంది. "పూస్తే చదువనిస్తనన్నవు. గడపల నిలబడి నేను విన్న. పూసినయి. నా కండ్లతోని చూసిన, నా చేతులతోని కోసుకొచ్చిన. అబద్ధం అయితే తులసమ్మ మెడల ఎందుకు ఏస్త? మాట తప్పినోని దుకాణంల మీ అన్న మళ్ల కాలు పెట్టడు."

బసవయ్య వదిన మొహం చూసి, తల వంచుకుని దిగిపోయాడు. విజయకు ఏడుపు ముంచుకొచ్చింది. కన్నీళ్లు పెట్టుకోకుండా పెదవి కొరికింది.

పొద్దు వాలింది. నాగమణమ్మ గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చి వేసింది. బల్బు వెలిగింది. మొక్కు మొక్కే. ఆమె అలా వెలిగించినందుకు విజయకు ఎందుకో కోపం రాలేదు. కాని తన పట్టు తానూ వదలలేదు. మూలగదిలోంచి నల్లగుడ్డ మడతను తెచ్చి, సున్నపు గీత మీద ఒక్క క్షణం నిలబడి, దాటింది. పెద్దమ్మ చూస్తుండగానే బల్బు కింది కుండీలను, ఆ గొడ్డు ఆకులను చేతులతో దగ్గరికి జరిపింది. గుడ్డ విప్పింది. గాలికి అది తెరచాపలా లేచి, ఒక కొస చేతిలోంచి జారి తులసికోట మీద పడబోయింది.

నాగమణమ్మ ఆ కొస పట్టుకుంది.

నూలుగుడ్డ ఇటు నుంచి అటు మైలను మోస్తుందని నేర్పింది ఆమే. పట్టుకుని, వదలకుండా, వంగి, కుండీల అవతలి వైపు ఆ కొసను నేల మీద పరిచి, మీద ఇటుక పెట్టింది. లేచి నడుం పట్టుకుంది.

"శివరాత్రికన్న పూస్తయా?"

"అంతకన్న ముందే పూస్తయి, పెద్దమ్మా."

"చూస్త. పూయకుంటే నీ సంగతి చెప్త," అంటూ ఆమె మెట్ల వైపు నడిచింది. మైలపడ్డ మనిషి దిగగానే చేయాల్సింది స్నానం. కింద నీళ్ల చప్పుడు కోసం విజయ చెవులు రిక్కించి నిలబడింది. పెదనాన్నకు మందు పోస్తున్న గ్లాసు చప్పుడు వినిపించింది, మంచం కిర్రుమంది, పెద్దమ్మ ఆయనతో ఏదో గట్టిగా అంటోంది. ఎంతసేపు విన్నా నీళ్ల చప్పుడు వినబడలేదు.